స్థూలకాయానికి శస్త్రచికిత్స: ఎవరికి, ఎందుకు, ఆ తరువాత ఏమిటి?

స్థూలకాయాన్ని చాలా కుటుంబాలలో నేటికీ తిండి మీద అదుపులేనితనంగానే భావిస్తారు. వైద్యశాస్త్రం దానిని దీర్ఘవ్యాధిగా పరిగణిస్తుంది. మధుమేహం, అధిక రక్తపోటు, నిద్రలో శ్వాస ఆగిపోవడం, కాలేయంలో కొవ్వు చేరడం, మోకాళ్ల అరుగుదల దానిని వెంబడించి వస్తాయి. పథ్యంతో బరువు తగ్గినప్పుడు శరీరం ఆకలిని పెంచి, శక్తి ఖర్చును తగ్గించి, పోయిన బరువును తిరిగి తెచ్చుకోవడానికి యత్నిస్తుంది. తగ్గిన బరువు తిరిగి రావడానికి ఇది ముఖ్య కారణం. రోగి మనోబలాన్ని నిందించడం న్యాయం కాదు.

ఇటువంటివారిలో కొందరికి జీర్ణాశయ శస్త్రచికిత్స మేలు చేస్తుంది. ఇది అందం కోసం చేసేది కాదు. చర్మం కింది కొవ్వును పీల్చివేసే లైపోసక్షన్‌కు దీనితో సంబంధం లేదు.

ఎవరికి అవసరం?

కిలోలలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను బీఎంఐ అంటారు. 160 సెంటీమీటర్ల ఎత్తు, 105 కిలోల బరువు ఉన్నవారి బీఎంఐ 41. అంతర్జాతీయ వైద్య సంఘాలు 2022లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35, అంతకు మించి ఉన్నవారికి ఇతర వ్యాధులు లేకపోయినా శస్త్రచికిత్సను సూచించవచ్చు. ఆసియావాసులకు తక్కువ బరువులోనే మధుమేహం, గుండెజబ్బులు వస్తాయి గనుక వారికి ఈ హద్దును 27.5గా నిర్ణయించారు. అయితే సంఖ్య ఒక్కటే చాలదు. ఆహార నియమం, వ్యాయామం, మందులు ఎంతవరకు ఫలించాయో, రోగి మానసిక స్థితి ఎట్లా ఉందో కూడా వైద్యులు పరిశీలిస్తారు.

ఏమి చేస్తారు?

నేడు ఎక్కువగా చేసేవి రెండు పద్ధతులు. పొట్టపై చిన్న రంధ్రాల ద్వారా పరికరాలను పంపి వీటిని చేస్తారు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు 75 నుండి 80 శాతం భాగాన్ని తొలగించి, మిగిలినదానిని సన్నని గొట్టంలా ఉంచుతారు. ఒకసారి తొలగించిన భాగాన్ని తిరిగి అమర్చడం సాధ్యం కాదు. బైపాస్ పద్ధతిలో జీర్ణాశయపు పైభాగాన చిన్న సంచిని ఏర్పరచి, దానిని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు.

పొట్ట చిన్నదై తక్కువ తినడం వల్లనే బరువు తగ్గుతుందనుకోవడం సగం నిజమే. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను తగ్గడం, తృప్తిని కలిగించే ప్రేగు హార్మోన్లు పెరగడం కూడా కారణాలే. అందుకే కొందరిలో బరువు అంతగా తగ్గకముందే రక్తంలో చక్కెర తగ్గుముఖం పడుతుంది.

ఎంత ఆశించవచ్చు?

మొదటి ఏడాది, ఏడాదిన్నరలో శరీరపు బరువులో పావు భాగం, అంతకు కొంత ఎక్కువ తగ్గడం సాధారణం. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు మధుమేహ రోగులపై జరిపిన ఐదేళ్ల పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6 శాతం, అంతకు తక్కువ అనే లక్ష్యాన్ని మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం మంది చేరగా, మందులతోపాటు స్లీవ్ చేయించుకున్నవారిలో 23 శాతం, బైపాస్ చేయించుకున్నవారిలో 29 శాతం మంది చేరారు. ఈ అంకెలు రెండు సంగతులు చెబుతున్నాయి. శస్త్రచికిత్స వల్ల కలిగే మేలు గొప్పది; అయినా అది అందరికీ మధుమేహాన్ని పూర్తిగా మాన్పదు.

ప్రమాదాలు

కుట్ల వద్ద లీకు, రక్తస్రావం, కాళ్లలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం ముఖ్యమైన ప్రమాదాలు. ఇవి తరచుగా జరగవు గాని ప్రాణాంతకం కాగలవు. ఇంటికి వచ్చిన తరువాత జ్వరం, గుండెదడ, తీవ్రమైన కడుపునొప్పి, ఆయాసం, ఒక కాలు వాపు కనిపిస్తే తెల్లవారేవరకు ఆగక ఆసుపత్రికి వెళ్లాలి. ఆగని వాంతులు కూడా అత్యవసర స్థితియే. బి1 విటమిను లోపించి నరాలు, మెదడు దెబ్బతినవచ్చు.

తరువాతి జీవితం

తొలి వారాలలో ద్రవాలు, పిమ్మట మెత్తని ఆహారం, ఆ పైన క్రమంగా గట్టి ఆహారం ఇస్తారు. పప్పుకట్టు, మజ్జిగ, మెత్తగా చిదిపిన ఇడ్లీ వంటివి ఈ దశలకు అనుకూలం. భోజనం మధ్య నీరు త్రాగరాదు. మాంసకృత్తులు ముందు, అన్నం తరువాత. బైపాస్ చేయించుకున్నవారు తీపి ఎక్కువగా తింటే చెమటలు, దడ, విరేచనాలు కలగవచ్చు. మద్యం త్వరగా తలకెక్కుతుంది. పొగాకు వల్ల కుట్ల వద్ద పుండ్లు ఏర్పడతాయి.

ఇనుము, కాల్షియం, బి12, డి విటమిన్లు జీవితాంతం తీసుకోవలసినవే. పెండ్లి విందు ఉన్నదనో, ఆరోగ్యం బాగున్నదనో వాటిని మానరాదు. స్త్రీలు ఏడాది నుండి ఏడాదిన్నర వరకు గర్భధారణను వాయిదా వేసుకోవాలి. మధుమేహం, రక్తపోటు మందుల మోతాదును వైద్యుడే మార్చాలి. నియమం సడలితే బరువు తిరిగి పెరుగుతుంది. కావున ఇంటిలో వంట చేసేవారు కూడా ఈ విషయాలు తెలిసి ఉండడం మంచిది.

ఖర్చు, బీమా

బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రకటించిన ప్రామాణిక నిబంధన ప్రకారం, 18 ఏళ్లు నిండి బీఎంఐ 40, అంతకు మించి ఉన్నవారికి ఈ చికిత్స వర్తిస్తుంది. తీవ్ర గుండెజబ్బు, తీవ్ర నిద్రాశ్వాస వ్యాధి, మందులు వాడినా అదుపుకాని మధుమేహం వంటివి ఉంటే 35 చాలును. కాబట్టి వైద్యుడు అవసరమని చెప్పిన ప్రతి రోగికీ బీమా సొమ్ము అందుతుందని భావించరాదు. ఆసుపత్రిలో చేరకముందే బీమా సంస్థ అనుమతిని లిఖితపూర్వకంగా పొందడం క్షేమం.

అడగవలసిన ప్రశ్నలు

వైద్యుని కలిసినప్పుడు కుటుంబసభ్యులు ఈ నాలుగింటిని తప్పక అడగాలి. నాకు ఏ పద్ధతి తగును, ఎందుకు? మీరు ఇటువంటి చికిత్సలు ఏడాదికి ఎన్ని చేస్తారు? రాత్రివేళ ఇబ్బంది కలిగితే ఎవరిని సంప్రదించాలి? ఐదేళ్ల తరువాత కూడా నన్ను పరీక్షించే ఆహార నిపుణుడు, వైద్యుడు ఇక్కడ ఉంటారా?

తొలి అడుగుకు పెద్ద ఆసుపత్రి అక్కరలేదు. దగ్గరి నగర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బరువు, ఎత్తు, రక్తపోటు, రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకుని, ఆ చీటీతో వైద్యుని సలహా కోరడమే సరైన ఆరంభం.