పెరటి కొలనులో లీకులు

పెరటి కొలను అనగా ఇంటి ఆవరణలో తామర, కలువ వంటి నీటి మొక్కలను, రంగు చేపలను పెంచుకొనుటకై త్రవ్వుకొన్న లేదా కట్టుకొన్న చిన్న నీటి కుంట. దీని అడుగు నుండి గాని, ప్రక్క గోడల నుండి గాని, నీటిని తిప్పే గొట్టాల నుండి గాని నీరు బయటకు పోవుటను లీకు అంటారు. సిమెంటు కొలను కారుతున్నదనియు, మట్టి కుంటలో నీరు ఇంకుతున్నదనియు చెప్పుట వాడుక. మట్టి కట్టలో ఎలుకలు, ఎండ్రకాయలు చేసే రంధ్రానికి బుంగ అని పేరు.

లీకును బాగుచేయుట కంటె దానిని కనుగొనుట కష్టం. మరమ్మతు చాలాసార్లు ఒక పూట పని మాత్రమే. అయితే నీరు ఎక్కడ పోతున్నదో తెలియక కొలను మొత్తాన్ని ఖాళీచేసి, అడుగంతా క్రొత్తగా గచ్చు చేయించి, ఆ తరువాత కూడా నీరు తగ్గుతూనే ఉండుట తరచుగా జరుగుతుంది. లీకు కొలనులో కాక గొట్టంలోనో, అంచు వద్దనో ఉండుట, లేదా అసలు లీకే లేకపోవుట ఇందుకు కారణం. అందుచేత తాపీమేస్త్రీని పిలువక ముందే రెండు మూడు రోజులు కొలతలు తీసికొనుట మంచిది.

ఆవిరి ఎంత, లీకు ఎంత

బయలున ఉన్న ఏ నీరైనా ఆవిరి అవుతుంది. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో మే నెలలో వడగాలి వీచే రోజున కొలను మట్టం 7, 8 మిల్లీమీటర్లు, ఒక్కొక్కసారి సెంటీమీటరు వరకు తగ్గుట సహజం. శీతకాలంలో ఇది అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ఒక చదరపు మీటరు వైశాల్యంలో ఒక మిల్లీమీటరు నీరు తగ్గినచో పోయినది ఒక లీటరు. ఈ లెక్కన 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల కొలను నుండి వేసవిలో రోజుకు 45 లీటర్లు, అనగా సుమారు మూడు బకెట్ల నీరు, ఏ లీకూ లేకుండానే గాలిలో కలిసిపోతుంది. దీనిని లీకుగా భ్రమించి వేసవిలో మరమ్మతులకు దిగేవారు ఎక్కువ.

ఆవిరిని, లీకును వేరుచేసి చూపే సులభమైన పద్ధతి బకెట్టు పరీక్ష. ఒక బకెట్టు అడుగున రాయి వేసి, కొలను మెట్టు మీదనో, ఇటుకల మీదనో కదలకుండా నిలుపవలెను. బకెట్టు అంచు మాత్రమే నీటి పైన ఉండవలెను. లోపల కొలను నీటినే పోసి, లోపలి మట్టం బయటి మట్టంతో సమానం చేసి, రెండింటికీ గీతలు గీయవలెను. 24 గంటల తరువాత రెండు మట్టాలూ ఎంతెంత తగ్గినవో స్కేలుతో కొలవవలెను. బకెట్టులోని నీరు కూడా అదే ఎండకు, అదే గాలికి ఆవిరి అవుతుంది కాని బయటకు కారదు. బకెట్టులో 7 మి.మీ., కొలనులో 19 మి.మీ. తగ్గినదనుకొందాం. తేడా 12 మి.మీ. పైన చెప్పిన 6 చదరపు మీటర్ల కొలనులో ఇది రోజుకు 72 లీటర్లు, నెలకు రెండు వేల లీటర్లకు పైమాట. తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే అయితే దానిని కొలతలోని పొరపాటుగా భావించి, పరీక్షను మరొకసారి చేయవలెను.

పరీక్ష జరిగే రోజున వాన పడరాదు, పశువులు, కుక్కలు నీరు త్రాగరాదు. అన్నిటికంటె ముఖ్యంగా బాల్ వాల్వును కట్టివేయవలెను. ఓవర్‌హెడ్ ట్యాంకు నుండి కొలనుకు బాల్ వాల్వు పెట్టిన ఇళ్ళలో మట్టం ఎన్నడూ తగ్గదు. అందువలన లీకు ఉన్నట్లే తెలియక, నెలల తరబడి నీరు పునాదుల క్రిందికి పోతూ ఉంటుంది.

నీటి మట్టం తెలిపే సంగతులు

లీకు ఉన్నదని తేలిన తరువాత పరీక్షను రెండు విధాలుగా చేయవలెను. ఒక రోజు పంపు ఆపి, మరొక రోజు పంపు నడుస్తుండగా. పంపు నడిచినపుడే నీరు ఎక్కువగా తగ్గుతున్నదనగా దోషం కొలనులో లేదు. గొట్టపు అతుకులలోనో, కృత్రిమ జలపాతం రాళ్ళ వెనుకనో, ఫౌంటెను తుంపరలు గాలికి గట్టు అవతల పడుటలోనో ఉన్నది. జలపాతాలు ఉన్న కొలనులలో మొదట అనుమానించదగినది ఇదే. రాళ్ళ మధ్య ఆకులు, నాచు చేరి నీటిని ప్రక్కకు మళ్ళించుట సర్వసాధారణం.

పంపు ఆపినను నీరు తగ్గుతున్నచో, క్రొత్త నీరు పోయకుండా మట్టాన్ని తగ్గనీయవలెను. రోజూ ఒకే వేళకు గోడ మీద సుద్దతో గుర్తు పెట్టుకొంటూ పోతే నీరు ఒక చోటికి వచ్చి, ఇక ఆవిరి మేరకే తగ్గుట మొదలవుతుంది. లీకు దాదాపుగా ఆ మట్టం వద్దనే ఉంటుంది. అడుగున లీకు ఉంటే నీరు ఆగదు. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకొనవలెను. డబ్బాకు పై నుండి క్రిందికి మూడు రంధ్రాలు చేసి నీరు పోస్తే క్రింది రంధ్రం నుండి ధార ఎక్కువ వేగంతో వచ్చునని బడిలో చేసిన ప్రయోగం పలువురికి జ్ఞాపకం ఉండవచ్చును. రంధ్రంపై నీటి ఎత్తు తగ్గేకొద్దీ కారే వేగం కూడా తగ్గుతుంది. కనుక మొదటి రోజు 20 మి.మీ., మరునాడు 15 మి.మీ. తగ్గినంత మాత్రాన లీకు తనంతట తాను మూసుకొన్నదని సంతోషించరాదు. లోతు నాలుగవ వంతుకు చేరకముందే చేపలను తొట్టిలోకి మార్చవలెను.

మట్టం నిండుగా ఉన్నపుడు మాత్రమే నీరు పోయి, రెండు మూడు సెంటీమీటర్లు దిగగానే ఆగుతున్నదంటే అంచును పరిశీలించవలెను. గట్టు ఒక ప్రక్క కుంగి ఉండవచ్చును. లేదా గట్టు మీది గడ్డి వేళ్ళు, మట్టి, గోనె పీలికలు నీటిని తాకి ఉండవచ్చును. ప్రమిదలోని వత్తి నూనెను పైకి పీల్చినట్లే ఇవి నీటిని పీల్చి అవతలి నేలకు చేరవేస్తాయి. గడ్డిని కత్తిరించి, నీటికి, మట్టికి మధ్య జానెడు ఖాళీ ఉంచినచో ఖర్చు లేకుండానే లీకు ఆగిపోతుంది.

ఖచ్చితమైన చోటు తెలియుటకు నిలకడగా ఉన్న నీటిలో, సూది తీసిన సిరంజితో పాలచుక్కలను అనుమానం ఉన్న చోట మెల్లగా వదలవలెను. పగులు ఉన్నచో తెల్లని చార అటువైపు సాగి లోపలికి పోతుంది. మిఠాయి రంగు నీళ్ళు కూడా పనికివస్తాయి. పాలు కొన్ని చుక్కలు చాలును. ఎక్కువ పోస్తే అవి కుళ్ళి నీటిలోని ఆమ్లజనిని హరిస్తాయి. చేయి నీటిలో పెట్టే ముందు పంపు ప్లగ్గును తీసివేయుట మరువరాదు. పాత కూలరు పంపులను కొలనులలో వాడే ఇళ్ళలో ఈ జాగ్రత్త ప్రాణావసరం.

సిమెంటు కొలనులు

సిమెంటు కొలనులలో గోడ కంటె గొట్టం చుట్టూ కారుటయే ఎక్కువ. పి.వి.సి. గొట్టపు నునుపైన పైభాగానికి సిమెంటు అంటుకొనదు. గొట్టం చుట్టూ అంగుళం లోతున చెక్కి, గొట్టాన్ని గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీ ముద్దతో నింపి, పైన సిమెంటు పూయుట దీనికి మందు.

గోడలలో పగులు కనిపించినచో అది కదిలే పగులా, కదలనిదా అని తెలిసికొనవలెను. కొలను ఎండిన తరువాత పగులుకు అడ్డంగా పలుచని గాజు ముక్కను రెండు చివరల ప్లాస్టరుతో అతికించి కొన్ని వారాలు చూడవలెను. గాజు విరిగినచో పగులు ఇంకా కదులుతున్నది. అట్టి చోట సిమెంటు పూత నిలువదు, సాగే గుణం గల పాలియురిథేన్ సీలెంటు వంటివి వాడవలెను. కదలని పగులును ఉలితో 2 సెం.మీ. లోతున, లోపల కొంచెం వెడల్పుగా చెక్కి, దుమ్ము దులిపి, తడిపి, సిమెంటు పాలు రాసి, ఒకటికి మూడు పాళ్ళ సన్న ఇసుక కలిపిన సిమెంటుతో కూరవలెను. ఇందులో కలిపే వాటర్‌ప్రూఫింగ్ పొడి భారత ప్రమాణం ఐ.ఎస్. 2645కు లోబడినదై ఉండవలెను. వారం పది రోజులు తడి ఆరనీయరాదు. 0.2 మి.మీ. కంటె సన్నని వెంట్రుకవాసి పగుళ్ళు సున్నపు పదార్థం పేరుకొని తమంత తామే పూడుకొనుట కూడా కలదు.

గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాదు జిల్లాలలోని నల్లరేగడి నేలలలో కథ వేరు. రేగడి తడిసి ఉబ్బుతుంది, ఎండి నెర్రెలు తీస్తుంది. పగులు నుండి కారిన నీరే అడుగు మట్టిని ఉబ్బించి పగులును పెద్దది చేస్తుంది. ఎన్నిసార్లు పూసినా మరుసటి వేసవికి మళ్ళీ విచ్చుకొంటుంది. ఇట్టి చోట సిమెంటుపై మరల మరల ఖర్చు పెట్టుట కంటె పాత కొలనులోనే షీటు పరచుకొనుట మేలు. ఇంటి గోడకు ఆనుకొని ఉన్న కొలను కారుతున్నచో రేగడి నేలలో పునాదికే చేటు.

గోడ సందులో మొలచిన రావి మొక్కను పైపైన కోసినచో మరల చిగురిస్తుంది. వేరుతో తీయక పగులు పూడ్చుట వ్యర్థం.

మట్టి కొలనులు

వరి మడిని దమ్ము చేసినపుడు నీరు ఎందుకు నిలుస్తుందో తెలిసిన రైతుకు మట్టి కొలను మరమ్మతు వేరుగా నేర్పనక్కరలేదు. తడి మట్టిని త్రొక్కినపుడు గడ్డలు చితికి, సన్నని రేణువులు ఖాళీలలో చేరి, నీరు దిగని పొర ఏర్పడుతుంది. ఇంగ్లండులో 1761లో ప్రారంభమైన బ్రిడ్జ్‌వాటర్ కాలువకు జేమ్స్ బ్రిండ్లీ వాడినది కూడా ఇట్లు పిసికిన బంకమట్టినే.

ఇంకే చోటును గడ్డపారతో కదిపి, వేళ్ళు ఏరి, బంకమట్టిని నీటితో కలిపి నాలుగైదు అంగుళాల మందాన పరచి కాళ్ళతో త్రొక్కవలెను. దానిపై మరొక పొర. బెంటొనైటు అనే మట్టి నీటిలో బాగా ఉబ్బుతుంది కనుక దానిని పై పొరలో కలిపినచో ఇంకుడు మరింత తగ్గుతుంది. ఇసుకపాలు ఎక్కువైన ఎర్రనేలలలో మట్టి ఆరు పాళ్ళు, సిమెంటు ఒక పాలు కలిపి పూయుట రాయలసీమ పంటకుంటలలో అనుసరించిన పద్ధతి. మట్టి కొలనును పూర్తిగా ఎండనీయరాదు. ఒకసారి నెర్రెలు పడిన తరువాత పాత గట్టిదనం రాదు.

బుంగను పై నుండి మట్టి కప్పి మూసినచో లోపలి సొరంగం అట్లే ఉండిపోతుంది. దానిని చివరి వరకు త్రవ్వి, బంకమట్టితో కూరి, దిమ్మిస చేయవలెను. పందికొక్కులు తిరిగే పెరటిలో గట్టు లోపల ఇనుప వల పరచుట మంచిది.

షీటు పరచిన కొలనులు

పి.వి.సి. షీటుకు దాని జిగురు, రబ్బరు షీటుకు దాని టేపు మాత్రమే అతుకుతాయి. హెచ్.డి.పి.ఇ. షీటుకు ఏ జిగురూ సరిగా పట్టదు, వేడితో అతికించవలసి ఉంటుంది. చోటును తుడిచి ఆరబెట్టి, రంధ్రానికి అన్ని వైపులా 10 సెం.మీ. మించునట్లు, మూలలు గుండ్రంగా కత్తిరించిన ముక్కను వేయవలెను. మూలలు వాడిగా ఉంటే అక్కడి నుండియే లేచిపోతుంది. రంధ్రం చేసిన రాయిని తీసివేసి, క్రింద మెత్తని ఇసుక నింపుట ముందుగా చేయవలసిన పని.

చేపలు, దోమలు

కారే కొలనును రోజూ కుళాయి నీటితో నింపుతూ పోవుట చేపలకు ప్రమాదం. రక్షిత మంచినీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి క్లోరిను ఉంటుంది. మనకు హాని చేయని ఈ కొద్దిపాటి క్లోరినే చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. కారణం తెలియక వారానికొక చేప చనిపోతున్న కొలనులలో లీకును కూడా అనుమానించవలెను. ఒక రోజు తొట్టిలో ఎండకు నిలువ ఉంచిన నీటిని పోయుట క్షేమం.

క్రొత్త సిమెంటు నుండి సున్నం దిగి నీటి పి.హెచ్. 11 దాటవచ్చును. 9 దాటితేనే చేపలు ఇబ్బంది పడతాయి. మరమ్మతు తరువాత కొలనును నింపి, రెండు మూడు రోజులు ఉంచి, ఖాళీచేయుటను మూడు నాలుగు సార్లు చేయవలెను. అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టే అలవాటు కూడా ఉన్నది. పి.హెచ్. కాగితంతో పరీక్షించిన తరువాతనే చేపలను వదలవలెను.

మట్టం తగ్గుతూ, మరల నింపబడుతూ ఉండే సిమెంటు తొట్లు డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమకు అనుకూలమైనవి. ఇది నీటి అంచుకు పైన తడిగోడపై గుడ్లు పెడుతుంది. అవి నెలల తరబడి ఎండినా చావక, నీరు తాకగానే పొదుగుతాయి. కనుక మరమ్మతుకై ఖాళీచేసిన కొలను గోడలను నింపే ముందు గట్టి బ్రష్షుతో రుద్ది కడుగవలెను.

ఖాళీచేసే పని వేసవిలో పెట్టుకొనవలెను. వానాకాలంలో భూగర్భ జలం పైకి వచ్చినపుడు ఖాళీ కొలను అడుగును క్రింది నీరు పైకి ఎత్తుతుంది. అప్పుడు షీటు బుడగ వలె లేస్తుంది, పలుచని సిమెంటు అడుగు బీటలు వారుతుంది.