అఫిలియేట్ తులనాత్మక వెబ్‌సైట్: వినియోగదారుని ప్రయోజనమే ప్రమాణంగా నిర్మాణపద్ధతి

వ్యాససంగ్రహం:
వస్తువుల గుణదోషాలను పోల్చి చూపి, తన లింకు ద్వారా జరిగిన కొనుగోలుపై విక్రేత నుండి కమీషన్ పొందే వెబ్‌సైట్‌ను అఫిలియేట్ తులనాత్మక వెబ్‌సైట్ అంటారు. సలహా ఇచ్చేవారి ఆదాయం ఆ సలహాపైనే ఆధారపడినప్పుడు నిష్పాక్షికతను నిలుపుకోవడం ఎట్లా అన్నది ఇక్కడి ప్రధాన సమస్య. ఇంటి నీటిశుద్ధి యంత్రాల పోలికను ఉదాహరణగా తీసుకొని, అటువంటి వెబ్‌సైట్ నిర్మాణంలో పాటించవలసిన పద్ధతులను వివరించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: అఫిలియేట్, కమీషన్, తులన, నీటిశుద్ధి, ఫ్లోరైడ్, వెల్లడి.

1. ఉపోద్ఘాతం:
అమెజాన్ సంస్థ 1996లో అసోసియేట్స్ కార్యక్రమాన్ని ప్రారంభించిన తరువాత అఫిలియేట్ విధానం విస్తృత ప్రచారంలోకి వచ్చింది. ఈ విధానంలో పాఠకుడు రుసుమేమీ చెల్లించడు, విక్రేత చెల్లిస్తాడు. కాబట్టి ఎక్కువ కమీషన్ ఇచ్చే వస్తువును పైన నిలపాలన్న ప్రలోభం ఈ వ్యాపారంలో సహజంగానే ఉంటుంది. తయారీదారుల వివరణలనే తిరగరాసి, కింద లింకు చేర్చే పుటలు ఈ ప్రలోభానికి ఫలితాలు. అటువంటి పుట పాఠకునికి తెలియనిదేదీ చెప్పదు.

2. ప్రశ్నతో ప్రారంభం:
మంచి పోలిక వస్తువుతో కాక వినియోగదారుని అవసరంతో మొదలవుతుంది. నల్గొండ ప్రాంతపు భూగర్భజలాలలో ఫ్లోరైడ్ సమస్య సుప్రసిద్ధం. అక్కడ బోరునీటిపై ఆధారపడిన కుటుంబం యు.వి. యంత్రాన్ని కొంటే సూక్ష్మజీవులు నశిస్తాయి గాని, నీటిలో కరిగిన ఫ్లోరైడ్ అట్లాగే ఉంటుంది. నీటిని మరిగించినా అది పోదు. ఆర్.ఓ. పొర ఫ్లోరైడ్‌ను చాలావరకు తగ్గిస్తుంది. ఇందుకు భిన్నంగా, లవణాలు తక్కువగా ఉన్న నదీజలాలు కొళాయి ద్వారా అందే ఇంటికి ఆర్.ఓ. యంత్రం అనవసరం కావచ్చు. అది కొంత నీటిని వృథాగా బయటకు పంపుతుంది కూడా. ఒకే యంత్రాన్ని ఈ రెండు కుటుంబాలకూ 'అత్యుత్తమం' అని చెప్పడం శాస్త్రీయం కాదు.

అందువల్ల వెబ్‌సైట్ మొదట నీటి పరీక్ష ఫలితాన్ని అడగాలి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500:2012 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. ప్రత్యామ్నాయ వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది. మొత్తం కరిగిన ఘనపదార్థాలకు ఈ పరిమితులు వరుసగా 500, 2000 మిల్లీగ్రాములు. టి.డి.ఎస్. మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపదన్న సంగతినీ స్పష్టం చేయాలి. మీటరులో తక్కువ అంకె కనబడినంత మాత్రాన నీరు సురక్షితమని భావించడం ప్రమాదకరం.

3. పోలికకు ఆధారాలు:
ధరల పట్టిక ఒక్కటే చాలదు. ఒక ఊహాత్మక ఉదాహరణను చూద్దాం. మొదటి యంత్రం ధర రూ. 9,000, ఏటా నిర్వహణకు రూ. 4,000, రెండవదాని ధర రూ. 14,000, ఏటా నిర్వహణకు రూ. 2,500 అనుకుందాం. అయిదేళ్లకు మొదటిదానికి రూ. 29,000, రెండవదానికి రూ. 26,500 అవుతుంది. కొన్ననాడు చవకగా తోచినది వాడకంలో ఖరీదైనదిగా తేలింది. ఈ లెక్కను పాఠకుడే తన అంకెలతో వేసుకునే సౌకర్యం కల్పిస్తే అదే వెబ్‌సైట్ అందించే అదనపు విలువ. ధర సేకరించిన తేదీ, స్వయంగా పరీక్షించినవి ఏవి, తయారీదారు చెప్పినవి ఏవి, దగ్గరి పట్టణంలో మరమ్మతు సేవ ఉందా లేదా అన్న వివరాలను వేరువేరుగా చూపాలి.

4. కమీషన్, వెల్లడి:
బ్రిటన్‌లో మార్టిన్ లూయిస్ 2003లో స్థాపించిన మనీసేవింగ్ ఎక్స్‌పర్ట్ ఈ విషయంలో పరిశీలించదగినది. కమీషన్ వచ్చే లింకుల పక్కన అది నక్షత్రపు గుర్తు ఉంచుతుంది. భారతదేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో జారీచేసిన మార్గదర్శకాలు, ప్రచారకర్తకూ వ్యాపారికీ మధ్య గల ఆర్థిక సంబంధాన్ని వెల్లడించాలని నిర్దేశిస్తున్నాయి. అదే సంవత్సరం ఆన్‌లైన్ సమీక్షల సేకరణ, ప్రచురణలకు ఐ.ఎస్. 19000:2022 ప్రమాణం వెలువడింది.

అయితే వెల్లడి చేసినంత మాత్రాన పక్షపాతం తొలగదు. వరుసక్రమాన్ని నిర్ణయించే సూత్రంలో కమీషన్‌కు స్థానం ఉండరాదు. ఆ సూత్రాన్ని పాఠకులకు తెలపాలి. అంచనా వేసేవారిని, విక్రేతలతో ఒప్పందాలు చేసుకునేవారిని వేరుగా ఉంచడం మేలు. కమీషన్ రాని మార్గాలకూ పోలికలో చోటుండాలి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే 'నల్గొండ ప్రక్రియ'ను నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. దీనిని సూచిస్తే లింకుపై రూపాయి రాదు. మోతాదు నియంత్రణ అవసరమన్న దాని పరిమితితో సహా పేర్కొనడమే వెబ్‌సైట్ నిజాయితీకి గీటురాయి.

5. ముగింపు:
అఫిలియేట్ ఆదాయం స్వతహాగా దోషం కాదు. పరీక్షలకు, ధరల నవీకరణకు ఖర్చు ఎక్కడినుండో రావాలి. ఆ ఆదాయం సలహాను శాసించినప్పుడే దోషం. తప్పు యంత్రం కొన్న కుటుంబం డబ్బుతో పాటు ఆరోగ్యాన్నీ కోల్పోతుంది. 'మీకు ఇది కొనవలసిన అవసరం లేదు' అని చెప్పగలిగిన వెబ్‌సైటే 'ఇది కొనండి' అన్నప్పుడు నమ్మదగినది అవుతుంది.