చెవికి అలవాటైతే నోటికి వస్తుంది!

బీటెక్ మొదటి ఏడాదిలో ఇంగ్లిష్ ల్యాబ్ ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాం, రికార్డు రాస్తాం, సంతకం చేయించుకుంటాం. అంతటితో మర్చిపోతాం. మళ్లీ ప్లేస్‌మెంట్లలో 'జామ్' రౌండ్ వచ్చాకే గుర్తొస్తుంది. కోడింగ్ టెస్టు సులువుగా దాటినవాళ్లు ఆ ఒక్క నిమిషం దగ్గర ఆగిపోవడం నేను చూశాను.

'గ్రామర్ రాదు, అందుకే మాట్లాడలేం' అంటారు చాలామంది. నాకైతే అసలు చిక్కు చెవి దగ్గరే ఉందనిపిస్తుంది.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. బస్ మనకు బస్సయింది అందుకే. ప్రతి అక్షరాన్నీ నిండుగా పలకడం మన అలవాటు. ఇంగ్లిష్ అలా కాదు. ఒకచోట ఒత్తి పలికి, మిగతావి మింగేస్తుంది. 'కంఫర్టబుల్' అనే మాట 'కంఫ్‌టబుల్'లా వినిపిస్తుంది. 'వాట్ డూ యూ వాంట్ టు డూ' అన్నది వేగంలో 'వాడ్యా వానా డూ' అయిపోతుంది. విడివిడిగా అన్నీ తెలిసిన మాటలే, కలిపితే అంతుపట్టదు. ప్రశ్నే అర్థం కాకపోతే జవాబెలా వస్తుంది?

అందుకే ముందు వినండి. బీబీసీ వాళ్ల '6 మినిట్ ఇంగ్లిష్' ఉచితంగా దొరుకుతుంది, సంభాషణంతా రాసి కూడా ఉంటుంది. మొదటిసారి చూడకుండా వినండి. రెండోసారి చదువుతూ, ఎక్కడ ఏ అక్షరం మింగేశారో గీత పెట్టుకోండి. మూడోసారి ఒక్కో వాక్యం దగ్గర ఆపి, అదే ఊపుతో పైకి అనండి. సినిమాలకూ ఇదే పద్ధతి. సబ్‌టైటిల్స్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటే కన్ను చదివేస్తుంది, చెవికి పని ఉండదు.

ఇక జామ్ సంగతి. 'జస్ట్ ఎ మినిట్' నిజానికి 1967లో బీబీసీ రేడియోలో మొదలైన హాస్య కార్యక్రమం. తడబడకూడదు, చెప్పిందే మళ్లీ చెప్పకూడదు, విషయం దాటకూడదు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న హాస్యనటులే అందులో దొరికిపోతుంటారు. కాబట్టి మధ్యలో ఒకసారి ఆగినంత మాత్రాన సిగ్గుపడక్కర్లేదు.

రోజూ ఒక నిమిషం ఫోన్లో రికార్డ్ చేయండి. 'గ్లోబల్ వార్మింగ్' లాంటివి కాకుండా మీ ప్రాజెక్టు, మీ ఊరి సంత, నిన్నటి మ్యాచ్ గురించి చెప్పండి. విషయం తెలిసినదైతే మాట కోసం మాత్రమే వెతుక్కుంటాం. విని, వెంటనే రెండోసారి చెప్పండి. వారానికి రెండు రోజులు ఫ్రెండ్‌తో ప్రశ్నలు అడిగించుకోండి. బట్టీ పట్టిన జవాబు అక్కడ పనికిరాదు.

ఆఫీసు కాల్స్‌లో నేను రోజూ వినే వాక్యం ఒకటుంది: 'సారీ, కుడ్ యూ సే దట్ అగెయిన్?' సీనియర్లూ అంటారు, విదేశీ క్లయింట్లూ అంటారు. ఇంటర్వ్యూలో మీరూ అనొచ్చు. అర్థం కాకుండా తల ఊపడం కన్నా అది ఎంతో నయం.

ఈ రాత్రే మొదటి నిమిషం రికార్డ్ చేసి, తేదీ వేసి దాచుకోండి. నెల తర్వాత దాన్ని మళ్లీ వినండి. తేడా ఎంతో మీ చెవే చెబుతుంది.