తోటలోకి వెళ్లినవాడు ఎవడు?



జి. కొండూరు ప్రాంతపు మామిడి రైతులకు పూత సంగతి నేను చెప్పనక్కరలేదు. సంక్రాంతి దాటేసరికి చెట్టు నిండా పూతే. తేనెమంచు పట్టిందా, అంతా మాడి రాలిపోతుంది. ఎంత విరగబూసినా తూకానికి వచ్చేది కాయే గదా! నోటితో చెప్పే ఒప్పుకోలు కూడా పూత వంటిదే.

మత్తయి సువార్త 21వ అధ్యాయములో ప్రభువు ఇద్దరు కుమారుల సంగతి చెప్పారు. ద్రాక్షతోటలో పని చేయమని తండ్రి అడిగితే, ఒకడు పోనన్నాడు గాని మనస్సు మార్చుకొని వెళ్లాడు. మరొకడు పోతానన్నాడు గాని పోలేదు. తండ్రి ఇష్టము నెరవేర్చినవాడు ఎవడు?

1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన వి.ఎస్. అజరయ్యగారు, బాప్తిస్మము పొందినవారిని తలపై చెయ్యి పెట్టుకొని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ తప్పదని ఒప్పుకొనమనేవారు. బాప్తిస్మము ముగింపు కాదు, పనికి పిలుపు.

మరి మీరు? కూటములలో చెయ్యెత్తారు, మంచిదే. కాయ కోసిన కూలీకి డబ్బు ఇంకా బాకీ ఉన్నదా? గట్టు తగాదాలో అన్నతో మాటలు మానేశారా? ఆదివారము ‘అవును ప్రభువా’ అని, సోమవారము ఆ గడప తొక్కకపోతే మీరు రెండవ కుమారుడే.

నిరాశపడకండి. పోనన్నవాడికి కూడా తండ్రి తోట మూసివేయలేదు. ఈ సాయంకాలమే కూలీ చేతిలో డబ్బు పెట్టండి. అన్న ఇంటి తలుపు తట్టండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.