ఒకే టిక్కెట్టు... రెండు దయ్యాలు!

దయ్యాల సినిమా అంటే మీకు భయమా, సరదానా? "అమ్మో, నేను చూడలేను బాబూ" అంటూ కళ్ళు మూసుకుని, వేళ్ళ సందుల్లోంచి మొత్తం చూసేసేవాళ్ళే మనలో ఎక్కువమంది. అలాంటి సినిమా ఒకటి కాదు, రెండు, అదీ ఒకే టిక్కెట్టు మీద వరసగా వేస్తామంటే వెళ్తారా?

అమెరికాలో ఈ పద్ధతికి డబుల్ ఫీచర్ అని పేరు. ఇప్పటికీ అక్కడ అక్టోబరు నెల వచ్చిందంటే చాలు, 31న వచ్చే హాలోవీన్ పేరు చెప్పి, పేటల్లోని పాత హాళ్ళవాళ్ళు పాత భయానక చిత్రాల్ని జతలు జతలుగా వేస్తుంటారు. చూడ్డానికి వచ్చేవాళ్ళలో చాలామందికి డైలాగులన్నీ కంఠతా వచ్చు. అయినా వస్తారు. మనం 'మాయాబజార్' ఎన్నిసార్లు చూడలేదు చెప్పండి!

ఆ జతల్లో పెద్దపేరు 'డ్రాకులా', 'ఫ్రాంకెన్‌స్టైన్'లది. ఈ రెండింటినీ 1938లో ఒక చిన్న హాలువాళ్ళు కలిపి వేశారు. దాంతో ఒక ఇంట్లో ఆరిపోబోతున్న పొయ్యి మళ్ళీ వెలిగింది. ఆ ఇల్లు ఎవరిదో కాదు, సాక్షాత్తూ డ్రాకులా దొరగారిదే!

పళ్ళెం ఇస్తాం, సినిమాకి రండి

అసలు ఒక టిక్కెట్టుకి రెండు సినిమాలు వేసింది ఉదారబుద్ధితో కాదు, గతిలేక. 1929లో అమెరికాలో షేర్ మార్కెట్ కుప్పకూలింది. 1933 నాటికి కోటిమందికి పైగా పని లేకుండా ఉన్నారు. ఇంట్లో రొట్టెకే డబ్బుల్లేనప్పుడు సినిమాకెవరు వెళ్తారు? హాళ్ళు ఒకటొకటే మూతపడుతుంటే, మిగిలినవాళ్ళు కూర్చుని ఆలోచించారు. ఇంట్లో చిల్లర డబ్బులు ఎవరి చేతిలో ఉంటాయి? ఇల్లాలి చేతిలో. ఆవిడ మనసు ఎక్కడుంటుంది? వంటింట్లో.

అంతే! వారంలో జనం పలచగా ఉండే రోజు చూసి, టిక్కెట్టు కొన్న ఆడవాళ్ళకి తలా ఒక పింగాణీ సామాను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఈ వారం కప్పు, పై వారం సాసరు, ఆ పై వారం పళ్ళెం. సెట్టు పూర్తి కావాలంటే నెలల తరబడి అదే హాలుకి వెళ్ళాలి. ఒక్క వారం మానేస్తే సెట్టులో వెలితి. ఎంత తెలివో చూశారా? పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకున్న మనకి ఆ కిటుకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఒళ్ళో ఉన్న పళ్ళెం సంగతి మరిచిపోయి ఎవరో ఒకరు లేవడం, భళ్ళున పగలడం, హాలంతా గొల్లున నవ్వడం మామూలేనట.

పళ్ళేలతో పాటే జంట సినిమాలూ పెరిగాయి. సాధారణంగా ఒకటి ఖర్చుపెట్టి తీసింది, రెండోది చౌకలో చుట్టేసింది. మధ్యలో వచ్చే విరామంలో పేలాలు, మిఠాయిలు అమ్ముకోవడానికి హాలువాడికి వీలు.

మరి వరసగా రెండు సినిమాలు చూస్తూ కూర్చుంటే ఇంట్లో వంటెవరు చేస్తారని మీకు అనుమానం రావచ్చు. 'డ్రాకులా' నిడివి 75 నిమిషాలు, 'ఫ్రాంకెన్‌స్టైన్' సుమారు 70. రెండూ కలిపినా మన పాత సినిమా ఒక్కదాని పాటి లేవు!

దొరగారి ఇల్లు అప్పులపాలు

డ్రాకులా వేషం వేసిన బేలా లుగోసీ హంగరీ నుంచి అమెరికాకి వలస వచ్చిన నటుడు. 1931లో 'డ్రాకులా' వచ్చింది. ఆ నల్లటి అంగీ, ఆ చూపు, పదం పదం సాగదీసి పలికే ఆ ఇంగ్లీషు జనాన్ని కట్టిపడేశాయి. సినిమా తీసిన యూనివర్సల్ కంపెనీకి డబ్బు బాగా వచ్చింది. లుగోసీకి మాత్రం వారానికి 500 డాలర్ల చొప్పున ఏడు వారాలకి 3,500 డాలర్లు ముట్టాయి. అంతటితో సరి.

అదే ఏడాది చివర్లో 'ఫ్రాంకెన్‌స్టైన్' వచ్చింది. అందులో భూతం వేషం ముందు లుగోసీ దగ్గరికే వచ్చిందనీ, మాటల్లేని వేషం, ముఖం కనబడని వేషం నాకెందుకని అతను వదులుకున్నాడనీ చెబుతారు. ఆ వేషం బోరిస్ కార్లాఫ్‌ని పెద్ద నటుణ్ణి చేసింది.

1933లో లుగోసీ లిలియన్‌ని పెళ్ళాడాడు. అతనికి యాభై, ఆమెకి ఇరవై దాటాయి అంతే. ఆ పిల్లకి కాపురంతో పాటు భర్త రాబడీ ఖర్చూ చూసుకునే పనీ నెత్తిన పడింది. అయితే రాబడి ఉంటే కదా! 1936లో యూనివర్సల్ కంపెనీ చేతులు మారింది. కొత్త యజమానులకి భయానక చిత్రాలంటే ఇష్టం లేదు. పైగా 1937లో ఇంగ్లండు సెన్సారువాళ్ళు ఇలాంటి సినిమాలకి వేరే సర్టిఫికెట్ పెట్టి, 16 ఏళ్ళలోపు పిల్లల్ని రానివ్వొద్దన్నారు. అక్కడ బేరం తగ్గేసరికి హాలీవుడ్‌లో ఈ రకం సినిమాలే ఆగిపోయాయి. దొరగారికి వేరే వేషాలు ఎవరిస్తారు?

ఇల్లు అప్పులవాళ్ళ పరమైంది. 1938 జనవరిలో కొడుకు పుట్టాడు. ఆ పురుటి ఖర్చు కట్టుకోలేక సినిమావాళ్ళ సహాయనిధిని ఆశ్రయించాల్సి వచ్చింది. తెర మీద జనాన్ని గజగజలాడించిన మనిషి! ఇంట్లో లిలియన్ పడిన ఇబ్బంది ఎలాంటిదో మీకు నేను చెప్పాలా?

ఉచితంగా కూరగాయలా?

ఆ ఏడాది ఆగస్టులో లాస్ ఏంజిలస్‌లోని రీజినా అనే చిన్న హాలువాళ్ళు, కలెక్షన్లు లేక, కొత్త సినిమాలకి పెట్టుబడి లేక, చౌకలో దొరికే పాత రీళ్ళు తెప్పించుకున్నారు. 'డ్రాకులా', 'ఫ్రాంకెన్‌స్టైన్', వీటికి కొసరుగా 'సన్ ఆఫ్ కాంగ్'. నాలుగు రోజులు ఆడితే చాలనుకున్న సినిమాలకి జనం వీధి చివరిదాకా బారులు తీరారు. వారాల తరబడి ఆడించినా బారులు తగ్గలేదు.

లుగోసీ ఆ దారిన కారులో వెళ్తూ ఆ బారులు చూశాడు. తన పేరు బోర్డు మీద కనబడుతున్నా నమ్మలేదు. ఉచితంగా మాంసమో కూరగాయలో పంచుతున్నారేమో అనుకున్నానని తర్వాత పత్రికలవాళ్ళకి తనే చెప్పాడు. ఇంట్లో రోజూ దేని గురించి బెంగ ఉంటే మనసుకి అదే తడుతుంది మరి. హాలువాళ్ళు అతన్నే పిలిచి ప్రేక్షకుల ముందు నిలబెట్టారు. చప్పట్లే చప్పట్లు!

యూనివర్సల్ కంపెనీ కళ్ళు తెరిచింది. రెండు సినిమాలకీ కొత్త ప్రింట్లు వేసి, జంటగా దేశమంతా విడుదల చేసింది. సాల్ట్ లేక్ సిటీలో ఒక హాలు చాలక, ఎదురుగా ఉన్న ఇంకో హాలు కూడా తీసుకుని, అవే రీళ్ళు వీధి దాటించి అటూ ఇటూ మోయించారని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు.

లాభాలు చూశాక 'సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' అని కొత్త సినిమా మొదలుపెట్టి లుగోసీకి వేషమిచ్చారు. అక్కడా చూడండి కంపెనీ బుద్ధి! ఇతనికి అవసరం ఉందని తెలిసి, ముందనుకున్న జీతం సగానికి కోసి, వేషమంతా ఒక్క వారంలో చుట్టేయమన్నారట. దర్శకుడు రోలండ్ లీ మండిపడి, సినిమా మొదటిరోజు నుంచి చివరిరోజు దాకా లుగోసీని సెట్టు మీదే ఉంచుతానని పట్టుబట్టి, మాట నిలబెట్టుకున్నాడు. ఈ సంగతి లిలియన్ ఏళ్ళు గడిచినా మరిచిపోలేదు. 1939 జనవరిలో వచ్చిన ఆ సినిమాలో, మెడ వంకర తిరిగిన ఇగోర్‌గా లుగోసీ కార్లాఫ్‌కి దీటుగా చేశాడు. నన్నడిగితే డ్రాకులా కంటే ఈ వేషమే గొప్ప!

ఏది ముందు, ఏది వెనక?

ఎప్పుడైనా ఈ రెండు సినిమాలూ దొరికితే, నలుగురు స్నేహితురాళ్ళని కూడగట్టి చూడండి. కానీ వరస తప్పొద్దు. 'డ్రాకులా' ముందు వేయాలి. అది నింపాదిగా నడుస్తుంది, నేపథ్య సంగీతం దాదాపు లేదు. కడుపునిండా తిన్నాక చూస్తే నిద్రొస్తుంది. కాబట్టి మిరపకాయ బజ్జీలు విరామం దాకా బయటకి తీయకండి. ఆ తర్వాత 'ఫ్రాంకెన్‌స్టైన్' వేస్తే ఎవరికీ కన్ను పడదు.

ఒక పందెం కూడా పెట్టొచ్చు. రెండు సినిమాల్లోనూ ఉన్న నటులిద్దర్ని పట్టుకోవాలి. డ్రాకులాని వేటాడే ముసలి ప్రొఫెసరే 'ఫ్రాంకెన్‌స్టైన్' మొదట్లో తెర ముందుకొచ్చి, గుండె ధైర్యం లేనివాళ్ళు ఆలోచించుకోమని హెచ్చరిస్తాడు. పురుగులు తినే పిచ్చివాడే రెండోదాంట్లో గూని సహాయకుడు. పేర్లు పడేటప్పుడు కూడా కళ్ళు తెరిచే ఉంచండి. మొదట్లో భూతం వేసిన నటుడి పేరు ఉండాల్సిన చోట ఒక ప్రశ్నార్థకం మాత్రమే కనిపిస్తుంది!

ఇంకో మాట. ఆ భూతాన్ని పుట్టించింది ఒక ఆడపిల్ల. మేరీ షెల్లీ 1816లో ఆ కథ మొదలుపెట్టినప్పుడు ఆమెకి 18 ఏళ్ళు. 1818లో పుస్తకం మొదటిసారి అచ్చయినప్పుడు దాని మీద ఆమె పేరైనా వేయలేదు.

చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే మాత్రం చెరువు ఒడ్డు దృశ్యం దగ్గర జాగ్రత్త. భూతం ఒక చిన్నపిల్లతో పూలు నీళ్ళలో వేస్తూ ఆడుకుని, పిల్ల కూడా పువ్వులాగే తేలుతుందనుకుంటాడు. విఠలాచార్య సినిమాల్లో పొయ్యిలో కాళ్ళు పెట్టి వంటచేసే దయ్యాన్ని చూసి నవ్విన పిల్లలు కూడా దీనికి ఏడుస్తారు. పాత ప్రింట్లలో ఆ ముక్క కత్తిరించేశారు. 1980లలో మళ్ళీ కలిపారు.

అతిథుల్ని ఆహ్వానించే దయ్యం

1954లో లాస్ ఏంజిలస్ టీవీలో వాంపైరా వచ్చింది. మేలా నుర్మీ అనే ఆవిడ వేసిన వేషం అది. ఒంటికి అతుక్కున్న నల్లటి గౌను, పిడికెడు నడుము, పొడుగాటి గోళ్ళు. పొగమంచులోంచి నడిచొచ్చి, ఒక్క కేక వేసి, చల్లగా కూర్చుని పాత భయానక చిత్రాన్ని పరిచయం చేసేది. పేరంటానికి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టినట్టు! 1957లో యూనివర్సల్ పాత చిత్రాలు 52 కట్టగా టీవీ కేంద్రాలకి అమ్ముడయ్యాక, ఊరూరా ఇలాంటి ఆతిథ్యం ఇచ్చేవాళ్ళు పుట్టుకొచ్చారు. 'డ్రాకులా', 'ఫ్రాంకెన్‌స్టైన్' అలా కొత్త తరానికి చేరాయి.

లుగోసీ అది చూడలేదు. నడుం నొప్పికి వాడిన మత్తు మందులకి బానిసై, 1953లో లిలియన్‌తో విడాకులై, 1955లో తనంతట తానే ఆస్పత్రిలో చేరాడు. 1956 ఆగస్టులో పోయాడు. డ్రాకులా అంగీతోనే అతన్ని ఖననం చేశారు. అలా చేయాలనుకున్నది లిలియన్, కొడుకూను.

ముఖం ఎవరి సొత్తు?

తర్వాత డ్రాకులా ముఖం బొమ్మల మీదా, చొక్కాల మీదా, ఆటవస్తువుల మీదా అచ్చయి అమ్ముడుపోతుంటే, కుటుంబానికి పైసా రాలేదు. 1938లో సహాయనిధి డబ్బుతో పుట్టిన ఆ పిల్లాడు అప్పటికి లాయరయ్యాడు. లుగోసీ చివరి భార్య హోప్‌తో కలిసి యూనివర్సల్ మీద దావా వేశాడు. కింది కోర్టులో గెలిచారు. 1979లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మనిషి బతికుండగా తన రూపంతో అలాంటి వ్యాపారం చేసుకోకపోతే ఆ హక్కు అతనితోనే పోతుంది, వారసులకి రాదంది.

ఆ తీర్పు మీద పెద్ద గొడవే జరిగింది. చివరికి 1984లో కాలిఫోర్నియా శాసనసభ కొత్త చట్టం చేసి, పేరున్నవాళ్ళు చనిపోయాక వాళ్ళ పేరు, గొంతు, రూపం వాడుకోవాలంటే యాభై ఏళ్ళ వరకు వారసుల అనుమతి తీసుకోవాలంది. తర్వాత దాన్ని డెబ్బై ఏళ్ళకి పెంచారు. చట్టం 1985 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ పిల్లాడికి ఇంకో నాలుగు రోజుల్లో 47 ఏళ్ళు నిండుతాయి.