మైకు చేతికిస్తే గుండెదడ ఎందుకు?

కోరుట్ల దగ్గరి పల్లె నుండి బీడీలు చేసే ఒక తల్లి గుండెదడ అని ఓ.పి.కి వచ్చింది. బి.పి. బాగానే ఉంది. ఇ.సి.జి.లో తేడా లేదు, రక్తం తక్కువ లేదు, థైరాయిడ్ కూడా మామూలే. దడ ఎప్పుడెప్పుడు వస్తుందని అడిగితే కాసేపు తల వంచుకొని, "మీటింగున్న రోజే వస్తది మేడం. లేచి మాట్లాడుమంటే చేతులు వణుకుతయి, నోరు ఎండుకపోతది" అన్నది. ఆమె మహిళా సంఘంలో లెక్కలు రాసే మనిషి. పింఛను జాబితాలో పేరు రాని ముగ్గురు ఒంటరి స్త్రీల సంగతి గ్రామసభలో అడగమని సంఘం వాళ్లు ఆమెకు అప్పగించారు. రెండు సభలు గడిచిపోయాయి. ఆమె లేవలేదు.

ఇలాంటి దడ గుండెజబ్బు కాదు. పదిమంది కళ్లు ఒక్కసారి మన మీద పడితే మెదడు దానిని ఆపదగా లెక్కిస్తుంది. మూత్రపిండాల పైనున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోట్లో తడి తగ్గుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైన ఆడుతుంది. పొలం గట్టు మీద పాము కనిపించినప్పుడు జరిగేది కూడా ఇదే. అక్కడైతే పరుగెత్తుతాం, ఆ శక్తి ఖర్చయిపోతుంది. సభలో నిలబడే ఉండాలి కాబట్టి అది వణుకై బయటపడుతుంది. లేవబోయే ముందు, మొదటి ఒకటి రెండు నిమిషాలు ఇది ఎక్కువగా ఉంటుంది. మాట సాగిన కొద్దీ చాలామందిలో తగ్గుతుంది. ఇంకో సంగతి, మన గుండె చప్పుడు మన చెవికి వినిపించినంతగా ఎదుటివారికి తెలియదు.

గాంధీజీ బారిష్టరై వచ్చిన కొత్తలో బొంబాయి చిన్న దావాల కోర్టులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, నోట మాట రాక కూర్చుండిపోయారు. కేసు వేరే వకీలుకు ఇచ్చుకోమని చెప్పి బయటికి వచ్చేశారు. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు.

మన దగ్గరి మనిషిని చూద్దాం. సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి గారు చదివింది ఉర్దూ మాధ్యమంలో. తరువాత తెలుగు ఆచార్యులయ్యారు, 1988కి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు, సభలను కట్టిపడేసే వక్తగా పేరు పొందారు. చిన్ననాడు ఆయన్ను ఆకర్షించినవి హరికథలు, జంగం కథలు, జానపదాలు. జంగం కథలు చెప్పేవారు ఊపిరి చాలినంత వరకే మాట సాగిస్తారు, ఆగుతారు, పక్కనున్న వంతగాడు అందుకుంటాడు. ఆ సందులో కథకుడికి ఊపిరి అందుతుంది, వినేవారికి విషయం దిగుతుంది. ఇంట్లో సాధన చేసేటప్పుడు మీరూ ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. వారు "ఊఁ" కొట్టిన తరువాతే తరువాతి మాట చెప్పండి. తొందర దానంతట అదే తగ్గుతుంది.

సాధన అంటే మనసులో అనుకోవడం కాదు, గొంతెత్తి చెప్పడం. బీడీలు చుడుతూ పక్కవారికి చెప్పవచ్చు. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివే అవకాశం వస్తే వదులుకోవద్దు. అచ్చులో ఉన్నది పదిమంది ముందు చదవడం చాలా మంచి మొదటి మెట్టు. మీ యాసను మార్చుకోనక్కరలేదు. పుస్తకం భాష వెతుక్కుంటూ తడబడేవారిని నేను చాలామందిని చూశాను.

లేవబోయే ముందు నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలండి. నాలుగైదుసార్లు చాలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొంత తగ్గుతుంది, అందుకే వదలడం మీదే దృష్టి పెట్టండి. ఒక గుక్క నీళ్లు తాగండి. మొదటి వాక్యం మాత్రం కంఠతా రావాలి, మిగతావి మూడు ముక్కలుగా రాసుకుంటే చాలు. పలుచని కాగితం మీద రాసుకోవద్దు, చేతితోపాటు అదీ వణికి మిమ్మల్ని ఇంకా భయపెడుతుంది. నోటు పుస్తకం అట్ట మీద రాసుకోండి. వేదిక మీది పెద్దల పేర్లన్నీ వరుసగా చదవనక్కరలేదు. మన సభల్లో సగం సమయం దానికే పోతోంది!

సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవారికి ఒక మాట. ఆ చప్పుడులో అరిచి మాట్లాడటం అలవాటై, మైకు ముందు కూడా గొంతు చించుకుంటారు. అయిదు నిమిషాలకే గొంతు బొంగురుపోతుంది. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం కూడా స్వరతంత్రులకు దెబ్బే. ఏళ్ల తరబడి ఆ చప్పుడులో ఉన్నవారు తమకు తెలియకుండానే గట్టిగా మాట్లాడుతుంటే వినికిడి పరీక్ష చేయించుకోవాలి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే, ముఖ్యంగా బీడీ, సిగరెట్టు తాగేవారు, గొంతు డాక్టరుకు చూపించుకోండి. క్యాన్సర్ కూడా మొదట ఇలాగే కనిపించవచ్చు.

"ధైర్యం కోసం" ఒక గ్లాసు వేసుకొని వచ్చేవారున్నారు. దానివల్ల నాలుక మొద్దుబారుతుంది, అంతే. దడ తగ్గే మాత్రలు కొందరు మందుల షాపులో అడిగి కొనుక్కుంటారు. ప్రొప్రనలాల్ అనే మాత్ర వణుకును తగ్గించే మాట నిజమే. కానీ ఆస్తమా ఉన్నవారికి అది ప్రమాదకరం, ఊపిరి ఆడకుండా చేస్తుంది. డాక్టరు రాయనిదే వేసుకోవద్దు. మనుషులను కలవడానికే భయపడి నెలల తరబడి పని, బడి మానుకుంటుంటే, లేదా మెట్లు ఎక్కినా దడ, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఇంట్లో కూర్చోకుండా రండి. రెండింటికీ వైద్యం ఉంది.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఆ తల్లికి మందు రాయలేదు. ముగ్గురి పేర్లు, వారి దరఖాస్తు తేదీలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయించి, ఓ.పి. గదిలోనే నర్సమ్మ ముందు రెండుసార్లు చదివించాం. కొన్నాళ్లకు కొడుక్కు జ్వరమని మళ్లీ వచ్చింది. సభ సంగతి అడిగాను.

"దడ వచ్చింది మేడం, అయినా చదివిన. ఒకామె కాగితం తీసుకున్నరు. ఇద్దరియి మళ్ల తెమ్మన్నరు. వచ్చే సభల మళ్ల అడుగుత" అన్నది.