పనోళ్ల కాఫీ ఓటలు

మన బైరకూరు పక్క ఓటలంటే పడుకోను రూమిచ్చే జాగా కాదు. ఇడ్లీ, దోశ, కాఫీ దొరికే చోటు. ములబాగలు దోశ కోసం బెంగుళూరు నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్లున్నారు. నేను రాసేది ఆ దోశ గురించి కాదు, బెంగుళూరు ఎం.జి.రోడ్డులో ఉండి ఇప్పుడు అక్కడ లేకుండా పోయిన ఇండియా కాఫీ హౌసు గురించి. మిల్లు పనోళ్ల ఇండ్లల్లో దాని కత తెలియాల. అది పనోళ్లదే కాబట్టి.

మొదట్లో పనోళ్లది కాదు. 1930ల్లో ప్రపంచమంతా యాపారాలు పడిపోయినప్పుడు కాఫీ గింజలు కొనే దిక్కు లేకపోయింది. సర్కారు 1935లో చట్టం చేసి కాఫీ సెస్సు కమిటీ పెట్టింది. మన జనానికి కాఫీ అలవాటు చేస్తే గింజలు ఖర్చవుతాయని లెక్క. 1936లో బొంబాయి చర్చిగేటు దగ్గర మొదటి కాఫీ హౌసు తెరిచిరి. తర్వాత అవన్నీ కాఫీ బోర్డు చేతికి వచ్చె. 1940ల్లో దేశంలో దాదాపు 50 కాఫీ హౌసులు అయినాయి. అంటే తోటల దొరల సరుకు అమ్ముడుపోవడానికి పెట్టిన అంగళ్లే గాని, సప్లయర్ల బాగుకు పెట్టినవి కావు.

1950ల నడుమ బోర్డు వీటిని మూసేస్తామనె. కప్పులు కడిగేవాళ్లు, సప్లయర్లు, వంటోళ్లు అందరూ వీధిన పడాల్సిందే. అప్పుడు కేరళ కమ్యూనిస్టు నాయకుడు, పార్లమెంటు మెంబరు ఏ.కె.గోపాలన్ వాళ్ల పక్కన నిలబడినాడు. వాళ్లకు చెప్పింది ఏమంటే, ఓటళ్లు మీరే తీసుకోండి, మీరే నడపండి అని. కాఫీ కాచేది మీరే, వడ్డించేది మీరే, దుడ్డు ఎంచేది కూడా నేర్చుకుంటే పాయె కద. 1957 ఆగస్టు 19న బెంగుళూరులో పనోళ్ల సహకార సంఘం పుట్టింది. దేశంలో ఇట్లాంటి కాఫీ పనోళ్ల సంఘాల్లో అదే మొదటిది. అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీవాళ్లు తెరిచిరి. మరుసటేడు త్రిస్సూరు.

సంఘమంటే పనిచేసేవాళ్లే షేరు తీసుకునేది, వాళ్లలోంచే కమిటీని ఎన్నుకునేది. కప్పులు కడగను చేరినవాడు సప్లయరయ్యి, గల్లాపెట్టె దగ్గర కూర్చొని, మేనేజరు కూడా కావచ్చు. మిల్లులో నాలాంటి వాడికి జాబరు అయ్యేదే గగనం.

ఎం.జి.రోడ్డు ఓటల్లో సప్లయర్లు తెల్ల బట్టలు, నడుముకు వెడల్పు పట్టీ, తలకు తురాయి పేటా కట్టుకుని వచ్చేవాళ్లు. పెళ్లికొడుకు మాదిరి! ఆ రోడ్డులో మిగతా ఓటళ్ల లోపలికి పోను కాళ్లు రాని మనబోటివాళ్లు కూడా ఇక్కడ కూర్చోవచ్చు. దోశ, ఆమ్లెట్టు, కట్లెట్టు, కాఫీ. పక్క బల్ల మీద వకీలు, ఈ బల్ల మీద మిల్లు పనోడు. ఒక కాఫీ తాగి గంటసేపు కూర్చున్నా లెమ్మనేవాళ్లు లేరు.

వ్యాపారం పనోళ్లదైనా కట్టడం వాళ్లది కాదు. అక్కడే దెబ్బ. ఇంటి ఓనర్లు జాగా వాపసు కావాలన్నారు, కోర్టులో చాన్నాళ్లు నలిగింది, చివరికి 2009 ఏప్రిల్లో ఖాళీ చేసిరి. ఢిల్లీలో ఇంకా ఘోరం. కన్నాట్ ప్లేసులో ఉండిన కాఫీ హౌసును ఎమర్జెన్సీలో, 1976లో, పడగొట్టేసిరి. సర్కారును తిట్టేవాళ్లంతా అక్కడ కూర్చుంటారని కోపమని జనం చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ పక్క నేల కింద పాలికా బజారుంది.

మల్లేశ్వరంలో రాజామిల్లు ఉన్న జాగాలో కూడా 2010లో మంత్రి మాలు లేచె. మిల్లు పోయిన చోట మిల్లు పనోళ్ల చేతికి ఒక ఇటుక రాలేదు. కేజీఎఫ్ గనిని 2001 ఫిబ్రవరి 28న మూసినప్పుడు మేమే నడుపుకుంటామని పనోళ్ల సంఘాలు అడిగినాయి. గని నీళ్లతో నిండిపాయె గాని చేతికి రాలేదు. ఓటలుకు పొయ్యి, పెనం, కాఫీపొడి ఉంటే చాలు, గనికీ మిల్లుకూ కోట్లు కావాల, అది నిజమే. అయినా 1957లో ఆ సప్లయర్ల దగ్గర మాత్రం ఏముండె? వాళ్లు అడిగిన కాలంలో వినేవాళ్లు ఉండిరి, అంతే తేడా అంటాను నేను.

ఎం.జి.రోడ్డు పోయినా సంఘం పోలేదు. అదే ఏడాది వెనక చర్చి స్ట్రీటులో మళ్లా తెరిచిరి. దేశంలో పనోళ్ల సంఘాల కాఫీ హౌసులు ఇప్పటికి 400 దాకా ఉన్నాయి. బెంగుళూరు పోయే మన పిల్లలు చర్చి స్ట్రీటుకు పోయి చూడండి. తెల్ల బట్టలు, పేటా అట్లే ఉన్నాయి. బిల్లు ఇచ్చేటప్పుడు సప్లయర్ను మాట్లాడించండి. ఈ ఓటలు మీదేనంట కదన్నా అని అడగండి.